బేసు లేని ఆల్బమ్

పాటంటే చెవి కోసుకుంటామని చెప్పుకునేవాళ్లు ఏ ఊళ్లో చూసినా ఉంటారు. కోసుకున్నాక ఇక దేనితో వింటారో ఆ మహానుభావులకే తెలియాలి. అలాంటివాళ్ల మధ్య ఇరవై ఏళ్లకు పైగా బేస్ గిటార్ వాయించిన ఒక లిఫ్ట్ మెకానిక్ సంగతి ఇది. బ్యాండులో అందరూ అతన్ని 'లిఫ్టు' అనే పిలిచేవారు. ఆ బ్యాండు పెట్టిందీ, అందులో పాడిందీ అతని సొంత అన్న. తమ్ముడూ అని పిలవడం ఆయన కూడా ఎప్పుడో మానేశాడు.

బేసంటే నాలుగు లావుపాటి తీగలు. రాక్ పాట వింటుంటే గొంతూ, గిటారూ, డ్రమ్ములూ చెవికి తగులుతాయి. వాటి అడుగున ఎక్కడో పొట్టలో గుమ్మని ఒకటి మోగుతుందే, అదీ బేసు. ఉన్నంతసేపూ అది ఉందని ఎవరికీ పట్టదు. లిఫ్టుకూ ఇదే గతి. నడిచినంతకాలం దాన్ని తలుచుకునే నాథుడుండడు. ఆగిందంటే మాత్రం మెకానిక్ ఏడు తరాలనూ తిట్టిపోస్తారు. మన మనిషికి రెండు పనులూ అలా కలిసొచ్చాయి. పగలు నూనె మరకల చొక్కాతో లిఫ్టు గుంతల్లోకి దిగి తాళ్లూ చక్రాలూ చూసుకునేవాడు. సాయంత్రం అదే చొక్కాతో అన్న వెనకాల, వెలుతురు పడని మూల నిలబడి వాయించేవాడు. ఫొటోల్లో అతని మోచెయ్యి పడేది. ఒక్కోసారి అదీ పడేది కాదు.

అతన్ని నిజంగా విన్నది ఒకే ఒక్క మనిషి. ఆ మనిషికి చెవుడు.

అతని భార్య పెళ్లికి ముందు నుంచీ నేత మిల్లులో పనిచేసింది. వరసలు వరసలుగా మరమగ్గాలు రోజంతా టకటకా కొట్టుకునే షెడ్డులో ఆమె వినికిడి కొంచెం కొంచెంగా హరించుకుపోయింది. ముందు పిట్టల కూతలు పోయాయి, తర్వాత ఫోను మోత పోయింది, ఆ తర్వాత మొగుడి గురక పోయింది. "ఆ చివరిది మాత్రం లాభమే," అని తనే నవ్వేది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేసేది. తన గొంతు తనకు వినపడదు కనక ప్రతి మాటా మిల్లులో అరిచినట్టే అరిచేది. ఆ ఇంట్లో రహస్యం అన్నది నిలవదు. మొగుడికన్నా ముందు పక్కింటివాళ్లకు తెలిసిపోతుంది.

ఒక సాయంత్రం అతను వాయించుకుంటుంటే ఆమె దుమ్ము తుడుస్తూ స్పీకర్ పెట్టె మీద చెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి తియ్యలేదు.

"ఏవండీ! ఇందులో ఎవరో నడుస్తున్నారు!" అని అరిచింది.

"నేనే," అన్నాడతను.

ఆ తర్వాత అది రోజూ అలవాటైపోయింది. పెట్టె పక్కన ముక్కాలిపీట వేసుకుని, అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకునేది. గొంతూ గిటారూ ఆమె చేతికి అందవు. బేసు ఒక్కటే అందుతుంది. కాబట్టి ఆ బ్యాండు పాటలన్నీ ఆమె లెక్కలో మొగుడి పాటలే. "అక్కడ తడబడ్డారు." "ఇక్కడ ఎందుకంత తొందర, ఆకలేస్తోందా?" ఇలా ఉన్నదున్నట్టు మొహం మీదే చెప్పేది. తప్పు పట్టకుండా వదిలిన రోజు లేదు. ఎక్కడ కచేరీ జరిగినా స్టేజీ అంచున, అతని పెట్టె దగ్గర, ఆమెకు కుర్చీ ఉండాల్సిందే. "ఆవిడ పాట వినడానికొస్తుందా, పెట్టెకు కాపలా కాయడానికొస్తుందా?" అని డ్రమ్ములాయన వేళాకోళం ఆడేవాడు.

ఈ డ్రమ్ములాయన కార్ల సొట్టలు తీసే షెడ్డు నడిపేవాడు. పగలు రేకుల మీద కొట్టి, సాయంత్రం డ్రమ్ముల మీద కొట్టేవాడు. రెండింటికీ పెద్ద తేడా లేదని గిట్టనివాళ్లనేవారు. గిటారాయన బళ్లో లెక్కల మాస్టారు. నలుగురికీ జుట్టు నెరిసింది, పొట్టలు వచ్చాయి. వాళ్లు చేసిన ప్రతి ఆల్బమ్‌నూ ఒక పత్రికలో సమీక్షకుడు చీల్చి చెండాడాడు. పాటల లోకంలో అతనికి 'కత్తెర' అని పేరు. కిందటి ఆల్బమ్‌కు అతను రాసిన సమీక్షలో మొదటి వాక్యం "ఈ బ్యాండును ఎవరైనా ఆపండి." చివరి వాక్యమూ అదే.

అన్నకు ఒకటే యావ. టీవీ పాటల పోటీలో జడ్జి కుర్చీ. ఆ కుర్చీ దక్కాలంటే కత్తెర నోట ఒక్క మంచి మాట రావాలి. అందుకే ఒక ఆఖరి ఆల్బమ్ చేసి గౌరవంగా తప్పుకుందామన్నాడు. దానికి 'ఆఖరి అంతస్తు' అని పేరు పెట్టింది తమ్ముడు. మర్నాటికల్లా ఆ పేరు తనకే తట్టిందని అన్న నమ్మేశాడు. తమ్ముడు నోరు మెదపలేదు, ఎందుకంటే అతనికి కావలసింది వేరే ఉంది. చివరి పాట ఆఖర్న అన్న గొంతు ఆగిపోవాలి, గిటారూ డ్రమ్ములూ ఆగిపోవాలి, బేసు ఒక్కటే చాలాసేపు నడవాలి. అది పూర్తిగా భార్య అరచేతి కోసం కట్టిన వరస. ఏ తీగ చెక్కను ఎంత వణికిస్తుందో, ఏది మణికట్టు దాకా వెళుతుందో, ఏది మోచేతి దాకా పాకుతుందో చూసుకుంటూ కట్టాడు. ఆమె ఊళ్లో లేని రోజుల్లో తన చెయ్యే పెట్టె మీద పెట్టుకుని సరిచూసుకున్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆల్బమ్ వచ్చిన రోజున, ఆ పెట్టె మీద చేత్తో తనే తెలుసుకోవాలి. అతని జీవితం మొత్తమ్మీద ఆశ అంటూ పెట్టుకున్నది ఇదొక్కటే.

రికార్డింగ్ బాగానే జరిగింది. ఆఖరి వరస అతను ఒక్క విడతలో వాయించేశాడు. అప్పుడు గిటారాయన గడియారం చూసుకుంటున్నాడు, డ్రమ్ములాయన బయట సిగరెట్ కాలుస్తున్నాడు. తర్వాత అన్నింటినీ సరిపాళ్లలో కలిపే పని మిక్సింగాయనది. అన్న అతని పక్కనే తిష్ఠ వేసి "నా గొంతు ఇంకాస్త పైకి, ఇంకాస్త" అని ప్రాణం తోడేశాడు. గొంతు విడిగా వినపడాలని మిక్సింగాయన బేసు మీటను ఆపాడు. పని సులువుగా ఉంటుందని, ఆ మీట ఒక్కటి నొక్కితే పాటలన్నింట్లోనూ బేసు ఆగిపోయేలా అమర్చుకున్నాడు. గొంతు సంగతి తేలేసరికి అతని తల దిమ్మెక్కిపోయింది. ఆపిన మీటను తిరిగి తెరవడం మరిచిపోయాడు. ఇలాంటి మరుపులు బయటపడతాయనే, కంపెనీకి పంపేముందు నలుగురూ కూర్చుని ఒకసారి వినడం మొదటి నుంచీ పద్ధతి.

సరిగ్గా ఆ వినే రోజున తమ్ముడికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. రోగిని మోసుకెళుతున్న లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. "మీరు వినేయండి, నా కోసం ఆగకండి," అని పరుగెత్తాడు. వాళ్లు ఆగలేదు. అన్న తన గొంతు విన్నాడు. గిటారాయన తన గిటారు విన్నాడు. డ్రమ్ములాయన తొడ మీద తన దరువు తనే వేసుకున్నాడు. చివరి పాటలో తన గొంతు ఆగగానే అన్న "అదిరింది, పంపించేయ్" అంటూ లేచాడు. ఆయనతోపాటు అందరూ లేచారు. అంతకాలం పక్కనే నిలబడి వాయించిన మనిషి ఆ పాటల్లో లేడని ముగ్గురిలో ఒక్కడికి కూడా అనిపించలేదు.

ఆల్బమ్ వచ్చిన రోజు తమ్ముడు సెలవు పెట్టాడు. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, వేడుకలా వచ్చి పీట మీద కూర్చుంది. అతను పాట పెట్టాడు. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి, వంటింట్లోకి పరుగెత్తాడు. అక్కడికి అన్న గొంతు ఖంగుమని వినిపిస్తూనే ఉంది.

"ఏవండీ! మీరేరీ?" అని ఆమె అరిచింది.

"ఇక్కడే. పాలు పొంగాయి," అంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కడ కాదు. ఇందులో మీరేరీ?"

అతను వైర్లు చూశాడు. పెట్టె తట్టి చూశాడు. వేరే పాట పెట్టాడు, మరొకటి పెట్టాడు. చివరికి ఆఖరి పాట ఆఖరి ముక్క దగ్గర పెట్టాడు. అన్న గొంతు ఆగింది. గిటారూ డ్రమ్ములూ ఆగాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఆమె అరచెయ్యి పెట్టె మీదే ఉంది, కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది. అతను ఆ ఏమీ లేనిదంతా అయ్యేదాకా అక్కడే నిలబడిపోయాడు.

ఇద్దరూ కలిసి అన్న ఇంటికి వెళ్లారు. అక్కడ సందడి. కేకు కోశారు. అన్న పత్రిక పట్టుకుని గొంతెత్తి చదువుతున్నాడు. "'ఇన్నేళ్లకు ఈ బ్యాండుకు బుద్ధొచ్చింది. మొదటి నుంచీ వీళ్ల పాటల మెడలో గుదిబండ ఆ బేసు. దాన్ని ఊడబీకి అవతల పారేశారు. పాటలు మొదటిసారి గాలి పీల్చుకున్నాయి. చివరి పాట ఆఖర్న వచ్చే ఆ సుదీర్ఘమైన నిశ్శబ్దం వింటూ నేను ఏడ్చాను.' కత్తెర ఏడ్చాడర్రా! వాడు ఏడ్చాడు!"

"ఏ నిశ్శబ్దం?" అన్నాడు గిటారాయన, నోటి నిండా కేకుతో.

"అది నిశ్శబ్దం కాదు. అది నేను వాయించింది," అన్నాడు తమ్ముడు.

మిక్సింగాయనకు ఫోను కలిపారు. ఆయన తన మరుపు ఒప్పుకున్నాడు. "ఎంతసేపండీ, ఒక్క మీట తెరవాలి. రేపటికల్లా సరిచేసి పంపేస్తా." తమ్ముడి ప్రాణం లేచొచ్చింది. అన్న టక్కున ఫోను పెట్టేశాడు.

"తమ్ముడూ," అన్నాడు. ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. "చచ్చీ చెడీ ఒక్క మంచి మాట సంపాదించుకున్నాంరా. ఇప్పుడు పొరపాటు జరిగిందని చెబితే నలుగుర్నీ చూసి నవ్వరా?"

"ఆ వరస ఈమె కోసం కట్టానన్నయ్యా."

"ఆవిడకు ఎలాగూ వినపడదు కదరా!"

ఆమె ఎదురుగానే ఉంది. ఆయన పెదాల మీద ఆ మాట చదివేసింది. చేతిలో కేకు ముక్కను మెల్లగా బల్ల మీద పెట్టేసింది. తమ్ముడికి ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే పత్రికాఫీసుకు వెళ్లి ఉన్నదంతా చెప్పేస్తానని లేచాడు. అప్పుడు అన్న తలుపుకు అడ్డంపడి, గడ్డం పట్టుకుని బతిమాలాడు. "వీడ్కోలు కచేరీ ఉంది కదరా. అందులో నీ ఇష్టం వచ్చినట్టు వాయించు. ఆఖరి వరస నీదే. మరదలి కుర్చీ నేనే వేయిస్తా. అందాకా నోరు మూసుకో, అంతే." అన్న మాట ఇస్తే తమ్ముడు కాదనడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. ఆ పిచ్చి మారాజు అప్పుడూ కాదనలేదు.

నోరు మూసుకోవడంతో పని తీరలేదు. కత్తెర ఇంటర్వ్యూకి వచ్చాడు. మర్యాదగా తమ్ముడి చేతులు రెండూ పట్టుకున్నాడు. "బేసు వాయించేవాడు తనను తానే తీసేసుకోవడం! ఇంత ధైర్యం ఎలా వచ్చింది సార్ మీకు?"

అన్న పక్క నుంచి కళ్లురిమాడు.

"సాధన చేశానండి," అన్నాడు తమ్ముడు.

"మీరు వాయించడం ఇన్నేళ్లు విన్నాను. మీరు వాయించకపోవడం దానికన్నా వెయ్యి రెట్లు బాగుంది," అన్నాడు కత్తెర. అతను నిజాయితీగానే అన్నాడు, అదే వచ్చిన చిక్కు.

కచేరీ సాయంత్రం హాలు కిటకిటలాడింది. అంతమంది ఆ బ్యాండు కోసం రావడం అదే మొదలు. ముందు వరసలో కత్తెర, పక్కన టీవీవాళ్లు. స్టేజీ అంచున పెట్టె దగ్గర ఆమె కుర్చీ. అన్న మాట నిలబెట్టుకున్నాడు. పెట్టె ముందు ఎర్ర దీపం వెలుగుతోంది. మొదలయ్యేముందు అన్న తన చేతులతోనే తమ్ముడి చెవుల్లో చిన్న ఇయర్‌ఫోన్లు బిగించి పెట్టాడు. "ఇవాళ నిన్ను నువ్వు బాగా వినాలిరా," అన్నాడు. తమ్ముడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజంగానే బాగా విన్నాడు. ఏ కచేరీలోనూ తన బేసు తనకు అంత నిండుగా వినపడలేదు. ఆఖరి పాట వచ్చింది. అన్న గొంతు ఆగింది, మిగతావీ ఆగాయి. అతను కళ్లు మూసుకుని ఆ వరస మొదలుపెట్టాడు. చెమటలు కారాయి. మధ్యలో ఒకసారి కళ్లు తెరిస్తే హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. భార్య అరచెయ్యి పెట్టె మీద ఉంది. ఆమె కళ్లు విప్పార్చుకుని అతని వేళ్లనే చూస్తూ, తాళం తప్పకుండా తల ఊపుతోంది. కాళ్ల కింద చెక్క వణకడం లేదని అతనికి తట్టలేదా అంటే, తట్టలేదు. అంత సంతోషంలో ఉన్నవాడికి కాళ్లు నేల మీద ఉంటే కదా! వరస అయిపోగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కత్తెర కళ్లు తుడుచుకున్నాడు.

బస్సులో ఇంటికి వస్తూ అడిగాడు. "ఎలా ఉంది?"

"బాగుంది!" అని అరిచిందామె. బస్సంతా తిరిగి చూసింది. "చెయ్యి ఇంకా జివ్వుమంటోంది!"

"ఎక్కడైనా తడబడ్డానా?"

"ఎక్కడా లేదు."

దారి పొడవునా ఆ చెయ్యి తన రెండు చేతుల్లోనూ పెట్టుకు కూర్చున్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే కచేరీ సామాన్ల వ్యాను వచ్చి పెట్టెను గుమ్మం ముందు దించిపోయింది. ఆ పెట్టె ఎత్తాలంటే ఇద్దరు మూలగాలి. అతను నడుం బిగించి, దమ్ము పట్టి ఒక్క ఊపున లేపాడు. పెట్టె అట్టముక్కలా పైకి లేచింది, అతను వెల్లకిలా పడబోయాడు. కాసేపు దాన్ని అలాగే చేతుల్లో పట్టుకు నిలబడ్డాడు. తర్వాత స్క్రూలు విప్పాడు. లోపల స్పీకరు లేదు. ఎర్ర దీపానికి మాత్రం జాగ్రత్తగా ఒక వైరు వేసి ఉంది.

అప్పుడే అన్న ఫోను. "చూశావురా పత్రిక? 'ఒక్క శబ్దం రానివ్వకుండా, ఒళ్లంతా చెమటలు కక్కుతూ వాయిస్తున్నట్టు నటించిన ఆ ఘట్టం నభూతో' అని రాశాడు! టీవీవాళ్లు కూడా పిలిచార్రా నన్ను!"

"నా చెవిలో వినపడింది కదన్నయ్యా..."

"నీ చెవి వరకే పెట్టించాను. ముందే చెబితే నీకు ఆ మొహం వచ్చేది కాదురా పిచ్చోడా. ఆ మొహమే కదా నిలబెట్టింది!"

అతను ఫోను పెట్టేసి తల తిప్పేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఖాళీ పెట్టెనూ చూసింది, అతన్నీ చూసింది.

"నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు." అంత మెల్లగా ఆమె మాట్లాడగలదని అతనికి తెలియదు. "చెయ్యి పెట్టగానే తెలిసింది. మీ మొహం చూశాను. మిమ్మల్ని అంత సంతోషంగా ఎన్నడూ చూళ్లేదండీ. ఆపబుద్ధి కాలేదు. మీ వేళ్లు చూసి తల ఊపాను."

"ఇంకెప్పుడూ నాకు అబద్ధం చెప్పకు. నువ్వు కూడా చెబితే ఇక నాకెవరున్నారు?"

"చెప్పను. ఒట్టు."

అన్న టీవీలో జడ్జి కుర్చీలో కూర్చుని, కొత్తగా పాడేవాళ్లకు నిజాయితీ గురించి ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టాడు. తమ్ముడు పెట్టెలో కొత్త స్పీకరు బిగించాడు. ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆమెను పీట మీద కూర్చోబెట్టి, ఎవరి చెవినా పడని ఆ వరస మొదటి నుంచీ మొదలుపెట్టాడు. గది గోడలు గుమ్మన్నాయి. ఆమె అరచెయ్యి ఆనించింది.

"వస్తోందా?" అన్నాడు, పెదాలు ఆమెకు కనపడేలా.

"వస్తోంది! బ్రహ్మాండంగా వస్తోంది!"

ఆమె ఈసారి కూడా కళ్లు మూసుకోలేదు. అతని వేళ్లనే చూస్తోంది. అతని మనసులో పురుగు తొలిచింది. వాయించడం ఆపకుండానే, గిటారు నుంచి పెట్టెకు వెళ్లే వైరును కాలి బొటనవేలితో నొక్కి లాగేశాడు. అది ఊడొచ్చింది. గదిలో ఉలుకూ పలుకూ లేదు. తీగల మీద వేళ్ల టిక్కుటిక్కు తప్ప ఏమీ లేదు. చచ్చిన పెట్టె మీద ఆమె అరచెయ్యి అలాగే ఉంది. తల తాళం తప్పకుండా ఊగుతూనే ఉంది.

"ఎక్కడా తడబడలేదు!" అని ఆమె వీధి చివరిదాకా వినపడేలా అరిచింది.

ఆమె కళ్లు అతని వేళ్ల మీదే ఉన్నాయి కాబట్టి అతనికి ఆపడానికి కూడా వీల్లేకపోయింది. మిగిలిన వరసంతా అలాగే వాయించాడు.